ముప్పై ఆరు ప్రశ్నల ఇంజెక్షన్

మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్న హెడ్ నర్సును ఆమె పనిచేసే వార్డులోనే చేర్చుకున్నారు. ఆమె కింద పనిచేసే నర్సు కంప్యూటరు బల్లను మంచం పక్కకు తోసుకొచ్చింది.

“ముందు ఆ నొప్పి ఇంజెక్షన్ ఇవ్వవే తల్లీ.”

“ముప్పై ఆరు ప్రశ్నలూ పూర్తయితేగాని మందుల పేజీ తెరుచుకోదు మేడమ్. మీ పేరు?”

“నాలుగేళ్లుగా నా దగ్గర పనిచేస్తూ నా పేరు అడుగుతున్నావా?”

“సరే, రాశాను. మీరు గర్భవతా?”

“నాకు యాభై ఎనిమిదేళ్లు వచ్చాయే మొద్దూ.”

“అవును, కాదు అని రెండే ఉన్నాయి మేడమ్.”

“కాదు.”

“నిద్రలో గురక పెడతారా?”

“పెట్టను.”

“పెడతారని బయట మీవారు చెప్పారు. అవును అని కొట్టాను.”

“అసలు ఇన్ని ప్రశ్నలు పెట్టిన మహానుభావుడెవరే?”

“మీరే మేడమ్. పన్నెండు చాలని కంప్యూటరు వాళ్లు నెత్తీ నోరూ కొట్టుకున్నా మీరు వినలేదు.”



“మిగతావన్నీ కాదు అని కొట్టెయ్.”

“పోయిన నెల అలా కొట్టినందుకే నాకు మెమో ఇచ్చారు.”

“ఆ మెమో వెనక్కి తీసుకుంటాను. ఆ ప్రశ్నలూ తీయించేస్తాను. సరేనా?”

“కాగితం మీద రాసి సంతకం పెట్టండి మేడమ్. మెమో నోటిమాటతో ఇవ్వలేదుగా.”