అయ్యగారి బండి

నారాయణఖేడ్ బస్ డిపో ఎదురుంగ ఉన్న మెకానిక్ దుకాణంల, డెబ్బై ఏండ్ల పాస్టరు తన పాత మోటార్‌సైకిల్ పక్కకు స్టూలేసుకొని కూసున్నడు.

“మూడు దినాలాయె. ఇయ్యాల గూడ స్టార్ట్ కాదా?”

“కాదు అయ్యగారు. బ్యాటరీ కమ్జోర్ అయ్యింది.”

“బ్యాటరీ పోయిన నెలనే నువ్వు కొత్తది ఏసినవ్.”

“అయితే కాయిల్ పోయినట్టుంది.”

“తాళం తిప్పితే హారన్ గూడ మోగుతలేదు. హారన్‌కు కాయిల్‌తోని ఏం పని?”

మెకానిక్ పానా తుడుస్తనే ఉన్నడు.

“ఫ్యూజు డబ్బి తెరిసి చూసిన, ఖాళీగుంది. ఫ్యూజు నీ జేబులున్నదా?”

“మీ బిడ్డ సలోమక్క వచ్చి, మీకు బండి ఇయ్యొద్దని ఏడ్సింది అయ్యగారు. పోయిన వారం సిర్గాపూర్ తొవ్వల మీరు బండి మీదికెళ్లి పడ్డరట. మీకు కండ్లు సరిగ కనిపిస్తలెవ్వట.”

“నా బిడ్డ నాకు చెప్పలేక నీకు చెప్పిందన్నమాట.”

“ఇగో, తీస్కోండ్రి. మీతోని అబద్ధాలాడుడు నాకు అయితలేదు.”

“జేబులనే ఉంచు. నాకు తెల్సిందని సలోమికి చెప్పకు.”

“మరి నాగల్‌గిద్దల ప్రార్థన?”

“ఆటోల పోత. రేపు గూడ వచ్చి అడుగుత, అడగకుంటె బిడ్డకు అనుమానమొస్తది. ఇంకేం ఖరాబైందో మంచిగ సోంచాయించి పెట్టు.”