'ముందు' ఎక్కడుండాలి

అమ్మలారా, అయ్యలారా, మా సందులోని పెద్దలారా! దుకాణాలు మూసుకుని మరీ వచ్చారు. మా అత్తయ్య బాయ్ యుజెన్ చేతి కుడుములు తినని వాళ్లు మీలో ఎవరున్నారు? ఆవిరి పట్టిన ఆ కిటికీ వెనక ఇక ఆమె ఉండదంటే నాకింకా నిద్రలో విన్నట్టే ఉంది.

నన్ను దక్షిణాన ఉన్న గ్వాంగ్జౌలో పెళ్లాడి, ఇంట్లో మాటమాత్రం చెప్పకుండా తీసుకొచ్చాడు మా ఆయన. గుమ్మంలో నన్ను చూసి అత్తయ్య లోపలికి కేకేసింది: "వచ్చారెవరో!" మన చైనా మాట తీరే అంత కదా. అనుకోకుండా వచ్చినవాళ్లకు 'వచ్చారు' మొదట. ఎదురుచూసినవాళ్లకు మనిషి మొదట.

ఆ పూట భోజనానికి కూర్చోగానే మర్యాదగా, "మీరు తినండి ముందు" అన్నాను. మా దక్షిణాదిలో అలాగే అంటాం. మీ బీజింగ్‌లో 'తినండి' కంటే 'ముందు' అనే మాట ముందుండాలట! అత్తయ్య పగలబడి నవ్వింది. "ఇదేం మాటే తల్లీ! తినేశాక ఇంకా ముందెక్కడిది?" మర్నాటినుంచి మీరంతా తోడయ్యారు. "వడ్డించు ముందు! డబ్బు తీసుకో ముందు!" మీరు నవ్వేవాళ్లు, నేను పిండి పిసుకుతూ ఏడ్చేదాన్ని. నా మాటకే చోటు లేని ఇంట్లో నాకెక్కడుంటుంది?

ఒక చలికాలం పుట్టింటికి వెళ్లిపోయాను. ఇక రాకూడదనే వెళ్లాను. ఉండలేక, ఎవరికీ చెప్పకుండా తిరిగొచ్చాను. దుకాణం నిండా ఆవిరి. ఎవరి ముఖమూ కనబడదు. అత్తయ్య తలెత్తలేదు, అడుగుల చప్పుడు విని లోపలికి కేకేసింది.

"మనిషి వచ్చింది!"

విన్నారా? మనిషి మొదట. రోజూ ఎదురుచూసిందన్నమాట. గిన్నె నిండా కుడుములు పెట్టింది.

మొన్న తెల్లవారుతుంటే మంచు పడుతోంది. ఆమె తల దువ్వుతున్నాను. నా చెయ్యి పట్టుకుని, "నేను పోతానే, ముందు" అంది. జీవితమంతా బీజింగ్‌లో గడిపిన మనిషి, ఏనాడైనా అలా అందా? మందుల మత్తులో తడబడిందన్నాడు మా ఆయన. కాదండీ. ఆ పెదవి చివర వెక్కిరింపు నాకు తెలుసు. నన్ను ఏడిపించిన మాటనే ముద్దు చేసి, తనతో పట్టుకుపోయింది.

ఇప్పుడు ఆమె కోసం కాసేపు మౌనంగా నిలబడదాం. కళ్లు తుడుచుకుని తల వంచేసరికి నాకు కాస్త ఆలస్యమవుతుంది.

మీరు లేవండి, ముందు.