బొటనవేలు తీస్తే

హలో… ఆ, నేనే మావయ్యా, అల్లుణ్ణి.

బాగానే ఉన్నాం. మీ అమ్మాయి అత్తయ్యతో డాక్టర్ దగ్గరికెళ్ళింది, వచ్చేస్తుంది… ఊరికే చేశాను. మీ గొంతు విందామని.

…

సరే, ఊరికే కాదు. మీరు ప్లంబర్ కదా, చిన్న డౌటు. గోడలో పైపుకి కన్నం పడితే ఏం చెయ్యాలి? … ఎవరో తెలిసినవాళ్ళింట్లో.

ఆ చప్పుడా… నీళ్ళే.

మా ఇంట్లోనే మావయ్యా.

నీళ్ళు నమలడం లేదు, అవే నోట్లోకి వస్తున్నాయి. కన్నాన్ని బొటనవేలితో మూసి నిలబడ్డాను. ఫోన్ భుజం మీద ఇరికించా. పది నిమిషాలైంది.

పక్కింటాయన్ని అడిగి డ్రిల్లింగ్ మిషన్ తెచ్చి, పుట్టబోయే బిడ్డ గదిలో అర బిగిద్దామని… బిడ్డ బట్టలకి.

…

నా బొమ్మ కార్లకి.

ఎన్నా? నలభై ఒకటి… ఓ, వయసా. ముప్ఫై రెండు.

నవ్వకండి. పోనీ తిట్టండి, అది నయం.

మెయిన్ వాల్వా? ఎక్కడుంటుంది? … మూడేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నా, నిజమే. మీ అమ్మాయికి తెలుసు.

సింకు కిందా? వెళ్ళాలంటే వేలు తియ్యాలిగా. తీస్తే నీళ్ళు సూటిగా ఉయ్యాల మీద పడతాయి. కొత్త పరుపు మావయ్యా.

కాలితో నెట్టాలా… ఆఁ, అందింది. ఉయ్యాల జరిగింది. కానీ ఇటు నా కార్ల పెట్టె…

తడవనీండి. తీస్తున్నా—

అమ్మో— ఉండండి… సింకు… ఎటు తిప్పాలి? కుడికా… బిగుసుకుపోయింది… ఆఁ, ఆఁ.

ఆగింది.

నేనా? కింద కూర్చున్నా. తడిలోనే… ఏడవట్లేదు. … కొంచెం.

నిన్న మీరు, పురుడయ్యేదాకా పిల్లని తీసుకెళ్తానంటే, నా పెళ్ళాన్ని నేను చూసుకోలేనా అని ఎగిరాను. చూశారుగా నా నిర్వాకం. తీసుకెళ్ళండి. ఈ తడిలో తనెలా ఉంటుంది? మీరు నేర్పితే గోడ నేనే బాగుచేసి, అప్పుడొస్తా… భయంగా ఉంది మావయ్యా. నాకేమీ చేతకాదు.

మీకూనా? … బట్టల కొట్లో మర్చిపోయారా? నెలల పిల్లప్పుడు మీ అమ్మాయినా? … పది నిమిషాలే అయినా, మావయ్యా. … అత్తయ్యకి ఇప్పటికీ తెలీదా?

సరే, బట్టలు సర్దుతా. … ఇద్దరివా? నేనూ రావాలా?

…

వస్తా మావయ్యా.

తాళం చప్పుడు… వచ్చేశారు. వద్దు వద్దు, పాత పైపు పగిలిందని మీరు చెప్పొద్దు. … నమ్ముతుంది, తెలుసు. అందుకే వద్దు.

ఫోన్ ఇక్కడే కింద పెడుతున్నా. కట్ చెయ్యకండి, మీరు లైన్లో ఉంటే నాకు ధైర్యం.

…

ఇదిగో, గుమ్మంలోనే ఆగు, నేలంతా తడి. అత్తయ్యా, తన చెయ్యి పట్టుకోండి… లేదు, పైపు దానంతటది పగల్లేదు. నేనే కన్నం పెట్టాను. నా కార్ల కోసం.