మూడో సంచిలోని చెక్క పాదాలు

నా పేరు పాత వాంగ్మూలంలో ఉంది. వీధిలో జోళ్ల తాత అంటారు. వయసు అరవై తొమ్మిది. వృత్తి జోళ్లు కుట్టడం. ఐదో తరగతి చదివాను. కూర్చోమన్నారు గానీ నిలబడే చెబుతాను. కూర్చుంటే మాట రాదు.

మా నాన్న గత నెల రెండో తేదీ ఉదయం ఆరున్నరకు పోయాడు. తొంభై ఆరేళ్లు. వీలునామా రాయలేదు. ఉన్నది కింద కొట్టు, పైన ఒక గది. అమ్మ ముందే పోయింది.

ఈ నెల నాలుగున వారసత్వ పత్రం కోసం వస్తే ఇదే గదిలో, వారసులు ఇద్దరేనా అని గుమస్తాగారు అడిగారు. తమ్ముడు అవునన్నాడు. నేను తల ఊపాను. తల ఊపడం కూడా చెప్పడమే. అది అబద్ధం. దిద్దుకోవడానికి వచ్చాను.

జోడు కుట్టేటప్పుడు లోపల పెట్టే చెక్క పాదాన్ని మేం అచ్చు అంటాం. గిరాకీలకు నాన్న నంబర్ల అచ్చులే వాడేవాడు. సొంత పిల్లలకు మాత్రం ఏటా కొత్తవి చెక్కి, మడమ మీద సంవత్సరం కోసేవాడు. ఆయన పోయిన వారానికి అటక మీదివి దించాం. మూడు సంచులు. ఒకటి నాది, ఒకటి తమ్ముడిది. మూడోదాంట్లో పన్నెండు జతలు. నేను పుట్టిన ఏటిది కూడా ఉంది. అది ఐదేళ్ల పిల్ల పాదం.

"ఎవరో గిరాకీవిలే అన్నయ్యా. పొయ్యిలో పెట్టేద్దాం" అన్నాడు తమ్ముడు.

గిరాకీవి కావని నాకు తెలుసు. అమ్మ కంటే ముందు నాన్నకు ఒక పెళ్లి అయిందనీ, ఆవిడ పసిపిల్లను తీసుకుని వెళ్లిపోయిందనీ చిన్నప్పుడు చెవిన పడింది. ఏటా ఒక రోజు నాన్న కాగితంలో చుట్టిన జోడు పట్టుకుని పొద్దున్నే బస్సెక్కేవాడు. ఆ రోజు అమ్మ ఎవరితోనూ మాట్లాడేది కాదు.

సంచి నా బల్ల కింద పెట్టుకున్నాను.

పన్నెండో తేదీ గురువారం పదకొండు గంటలకు ఒక పెద్దావిడ కొట్టుకు వచ్చింది. వారసులు ఇద్దరేనని మీ ఆఫీసు గోడకు అంటించిన నోటీసు నకలు చేతిలో ఉంది.

"మీరెవరమ్మా?" అన్నాను.

"తెలిసే అడుగుతున్నావా తమ్ముడూ?"

నేను స్టూలు తుడిచాను. తుడిచిందే మళ్లీ తుడిచాను.

"నాన్న కుట్టినవి పన్నెండు జతలు తొడిగాను. ఒక్కటీ కరవలేదు. తర్వాత కొన్నవన్నీ కరిచాయి. అది సరే, నేను పుట్టనే లేదన్నట్టు రాయించారేం మీరిద్దరూ?"

ఆవిడ ఎడమకాలి చిటికెన వేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంది. మూడో సంచిలోని ఎడమ అచ్చులకు అక్కడే మిట్ట ఉంది. పన్నెండింటికీ ఉంది. నేను తడిమి చూశాను.

సాయంత్రం ఐదింటికి తమ్ముడు వచ్చాడు. "ఇద్దరమైతే కొట్టు నీకు, గది నాకు. ముగ్గురమైతే మొత్తం అమ్మాలి. అమ్మాక ఎక్కడ కూర్చుని కుడతావు, నా నెత్తి మీదా?"

"ఆవిడ అక్కరా" అన్నాను.

"డెబ్భై ఏళ్లు లేని అక్క ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడింది? నువ్వు నోరు విప్పకపోతే చాలు. అది నీకు చేతకాని పని కాదుగా."

ఆ మాట నిజమే.

అప్పట్నుంచి కొట్టుకు తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి లాగి చూస్తున్నాను. మళ్లీ నడిచి మళ్లీ వస్తున్నాను. శనివారం ఎడమ జోడుకు కుడికాలి అడుగు అట్ట కుట్టాను. యాభై ఐదేళ్లలో అలా కుట్టలేదు. విప్పాను. మళ్లీ అలాగే కుట్టాను.

ఈ రోజు పదహారు, సోమవారం. మీరు తలుపు తీయకముందే వచ్చాను. ఆవిడ మా నాన్న పెద్ద కూతురు. వారసులం ముగ్గురం. సంచి మీ బల్ల మీద పెట్టాను. తమ్ముడు బయట బెంచీ మీద ఉన్నాడు. ఇది రాయడం అయ్యేదాకా వాణ్ణి పిలవొద్దు. వాడి మొహం చూస్తే మళ్లీ తల ఊపుతానేమో.

కొట్టు అమ్మాల్సి వస్తే అమ్మనివ్వండి. మరమ్మతుకు వచ్చిన జోళ్లు ఇంకా పదకొండు జతలున్నాయి. అవి ఎవరివి వాళ్లకు ఇచ్చేదాకా తాళంచెవి నా దగ్గర ఉండనివ్వండి. అంతకు మించి అడగను.

పైదంతా చదివి వినిపించారు. ఇందులో నా మాట కానిది లేదు, నిజం కానిది లేదు. వేలిముద్ర అక్కర్లేదు, సంతకం వచ్చు.

(సంతకం)