రెండో బండిలో ఉందనుకున్నారు

నా పేరు కృష్ణకుమారి. వయసు యాభై రెండు. భర్త కేశవరావు. పార్సిప్పనీలో ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. వచ్చే ఏప్రిల్ మూడున నా అమెరికా సిటిజన్‌షిప్ ప్రమాణం. నేను మా స్నేహితురాలు అనురాధ తలకి గురిచూసి రాతి గిన్నె విసిరానని ఆవిడ మీ పోలీసులకి కంప్లైంట్ ఇచ్చింది. అది కేసైతే ప్రమాణం ఆగిపోవచ్చని లాయర్ చెప్పాడు. అందుకే ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. ఫోన్‌లో ఉన్న ఇంటర్‌ప్రెటర్ గారు నా మాటల్ని మెత్తబరచకుండా ఇంగ్లీషులో చెప్పాలి.

నిరుడు డిసెంబర్ ఇరవై ఏడున మేము ఏడు జంటలం, పద్నాలుగు మందిమి, జైసల్మేర్ చూశాం. ప్లాన్ అంతా అనురాధది. తొమ్మిదికి కోట, పదకొండుకి పాత హవేలీ మేడలు, గడీసర్ చెరువుకి ఇరవై నిమిషాలు. టైమ్ కాగానే చప్పట్లు కొట్టి పిలిచేది, మేమేదో బడిపిల్లలమైనట్టు. కోటలో పసుప్పచ్చ రాతిగోడ ఎండకి వెచ్చగా ఉంటే ఒక్క నిమిషం చెయ్యి ఆనించి నిలబడ్డాను. "కృష్ణా, గోడలు మన ఊళ్లో లేవా? నడు నడు" అంది. ఆ గిన్నె కొన్నది అక్కడే. హాబూర్ రాయి అంటారు. అందులో పాలు పోస్తే తోడు లేకుండానే పెరుగవుతుందని అమ్మినవాడు చెప్పాడు. అవుతోంది కూడా.

సాయంత్రం ఇసుక దిబ్బలకి రెండు వ్యాన్లలో వెళ్లాం. ఒకదాంట్లో మగవాళ్లు, ఒకదాంట్లో ఆడవాళ్లు. అమెరికాలో ఇరవయ్యేళ్లున్నా మనవాళ్లకి ఈ అలవాటు పోదు. సూర్యాస్తమయం అయ్యాక ఆరూ ఐదుకి నేను గుడారాల వెనక బాత్రూమ్‌కి వెళ్లాను. ఆరుంపావుకి తిరిగొచ్చేసరికి రెండు వ్యాన్లూ లేవు. నా ఫోన్ అనురాధ బ్యాగులో ఉంది, ఫొటోలు తీస్తానని తనే తీసుకుంది. నేను మొగుడి పక్కన కూర్చున్నాననుకున్నారట ఆడవాళ్లు. నేను ఆడవాళ్లతో ఉన్నాననుకున్నారట మా ఆయన.

ఊరు నలభై కిలోమీటర్లు. చలి. ఒంటె తోలే ముసలాయన తన బొంత కప్పి టీ ఇచ్చాడు. బొంత ఒంటె వాసన కొట్టింది. వ్యాన్ ఎనిమిదీ ముప్పావుకి వచ్చింది. రెండున్నర గంటలు. ఎలా తెలిసిందో చెప్పనా? హోటల్లో భోజనాల దగ్గర మా ఆయనకి బీపీ మాత్ర కావాల్సి వచ్చింది. మాత్రలు నా దగ్గర ఉంటాయి. మాత్ర కోసం వెతికితే నేను లేనని తెలిసింది.

ఒక్కరూ సారీ చెప్పలేదు. "బాత్రూమ్‌కి వెళ్తే చెప్పి వెళ్లాలి కదా" అంది అనురాధ.

మొన్న మార్చి పద్నాలుగు, శనివారం, అనురాధ ఇంట్లో పాట్‌లక్. అదే పద్నాలుగు మంది. నేను ఆ రాతి గిన్నెలోనే పెరుగు చేసి తీసుకెళ్లాను. ఏడూ నలభైకి టీవీలో ట్రిప్ ఫొటోలు వేశారు. హోటల్ ముందు తీసిన ఫొటో వచ్చింది. కింద టైమ్ ఏడూ ఐదు. పైన 'ఫుల్ బ్యాచ్' అని రాశారు. లెక్కపెట్టాను, పదమూడు. మళ్లీ లెక్కపెట్టాను, పదమూడే.

"కృష్ణ ఒంటెతో సెటిల్ అయిపోయిందనుకున్నాం!" అంది అనురాధ. అందరూ ఒకటే నవ్వు. మా ఆయన, "నిజం చెప్పాలంటే ట్రిప్ మొత్తంలో ఆ రెండు గంటలే నాకు రెస్ట్" అన్నారు. ఇంకా నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. గిన్నె ఎత్తి విసిరాను. విసరలేదని అనను. టీవీకి విసిరాను, ఆ ఫొటోకి. టీవీ పగిలింది. అనురాధ టీవీకి కుడివైపు సోఫాలో ఉంది, ఆవిడ మీద పడింది పెరుగు. ఎవరినో కొట్టాలనే ఉంటే మా ఆయన నా పక్కనే ఉన్నారు, చేతికి అందేంత దూరంలో.

పదకొండు మంది నేను విసరడం చూశామని సంతకాలు పెట్టారని మీరు చెప్పారు. ఆ రోజు నేను లేకపోవడం ఒక్కరికీ కనపడలేదు, ఈ రోజు అందరికీ కళ్లొచ్చాయి. గురి టీవీకా, మనిషికా అన్నది పక్కనున్న మా ఆయన ఒక్క మాట చెబితే తేలిపోతుందని కూడా మీరే అన్నారు. ఆయనేమో ఫోన్ చూసుకుంటున్నాను, నేను చూడలేదు అని రాసిచ్చారు.

ఆయన అబద్ధం చెప్పలేదని నమ్ముతున్నాను. ఆ రోజూ చూడలేదు.

ఇదంతా నాకు తెలుగులో చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, ఒక్క ముక్క మార్చక్కర్లేదు.

(సంతకం)
కృష్ణకుమారి