మిగిలిపోయిన సంచి

"ఒకరి సంచి ఇంకొకరికి ఇచ్చానన్న మాట నా వెనక కూడా ఎవరూ అనలేదు. ముందు ఆ సంగతి తెలుసుకో, తర్వాత టీ తాగు."

సంచులమ్మ ఎప్పుడూ ఇలాగే మొదలుపెట్టేది. వీధికి అవతల కన్వెన్షన్ హాలు. దాని అద్దాల తలుపులకి వాచ్‌మన్ గొలుసు చుడుతున్నాడు. రేపటి నుంచి ఆ తలుపులు తెరవరు. లోపల, సభలకొచ్చేవాళ్ల సంచులు దాచే కౌంటర్లోనే ఆమె జుట్టు నెరిసింది. ఇప్పుడు టీ కొట్టు బెంచీ మీద కూర్చుంది, ఒళ్లో ఒక బూడిదరంగు గుడ్డసంచి పెట్టుకుని. ఒక పక్క టాక్సీ అతను, ఇంకో పక్క హాల్లో కుర్చీలు వేసే ఆయన.

"ఇదొక్కటే మిగిలింది. దీని మనిషి వస్తుంది. ఆ తాళం పడేలోగా వచ్చి తీసుకుపోయిందనుకో, ఒక్క సంచీ మిగల్చలేదని చెప్పుకుని దర్జాగా ఇంటికి పోతాను. రాలేదనుకో..." అని ఆగి, టీ ఊదుకుంది. "వస్తుందిలే. నేను మొహం మర్చిపోయే రకమా? మొదట్లో చిన్న సంగతే. ఒకరోజు కుండపోత వాన, గొడుగులన్నీ నల్లవే, టోకెన్లన్నీ నీళ్లలో పడ్డాయి, మేనేజరు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. నేనేం చేశాను? మొహాలు చూసి ఇచ్చేశాను. ఒక్కటి తప్పితే ఒట్టు! ఆ రోజే టోకెన్లన్నీ చెత్తబుట్టలో పారేశాను. గుర్తున్నదానికి టోకెనెందుకు?"

"వాన పడ్డది నిజమే," అన్నాడు కుర్చీలాయన.

"చూశారా, సాక్షి కూడా ఉన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంటి డాక్టర్ల సభ. వచ్చినవాళ్లందరికీ ఒకే రకం నల్ల సంచి పంచారు, అందరూ తెచ్చి నాకే ఇచ్చారు. అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి సంచులన్నీ. అయితే ఏం? మనిషి ఎటు ఒరిగి నడిస్తే సంచీ అటే ఒరిగి కూర్చుంటుంది. పెళ్లాంతో పోట్లాడి వచ్చినవాడి సంచి గోడవైపు తిరిగి కూర్చుంటుంది. అవి చూసుకుంటూ ఇస్తుంటే కరెంటు పోయింది. ఆగానా? చీకట్లో ఎవరి దగ్గు విని వాళ్లకి ఇచ్చేశాను."

"దగ్గు రానివాడికో, అత్తా?" అన్నాడు టాక్సీ అతను.

"వాడి మొహం మీద అర దుమ్ము దులిపాను. అదే వచ్చింది."

టీ కొట్టతను నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వినట్టున్నాడు, వెంటనే గ్లాసులు కడగడంలో పడ్డాడు. కడగడానికి రెండే గ్లాసులున్నాయి.

"అప్పట్లో సభంటే సభ! లాడ్జీల్లో మంచాలు చాలక మంగలి షాపు కుర్చీల్లో పడుకునేవాళ్లు, పొద్దున లేచేసరికి గడ్డాలు నున్నగా ఉండేవి. ఈ ఊరి నడిబొడ్డులో అడుగు తీసి అడుగు వెయ్యాలంటే ముందున్నవాడు తియ్యాలి. ఒకసారి నా కౌంటర్ ముందు వరస రైలు స్టేషను దాటి పక్క ఊరి పొలిమేర దాకా పోయింది. అంతమంది ఎప్పటికొస్తారు? రావొద్దని చెప్పి, ఇక్కణ్ణుంచే విసిరాను. తలల మీదుగా ఎగిరి, ఎవరి భుజానికి వాళ్ల సంచి తగులుకుంది. ఒకాయన అప్పటికే రైలెక్కేశాడు, కిటికీలోంచి చెయ్యి చాపాడు, పడింది."

"రైలు ఆగిందా, అత్తా?"

"రైలెందుకాగుతుంది? సంచే పరుగెత్తింది."

"కొయ్యి అత్తా, కొయ్యి. కోతకొచ్చిన చేను నీదే."

"నవ్వు నాయనా. ఇది విని నవ్వు చూద్దాం. ఒక పెద్దాయన వచ్చాడు. తన పేరే మర్చిపోయాడు. ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలీదు, ఏ సభకో తెలీదు. చుట్టూ అందరూ చోద్యం చూస్తున్నారు. నేను అతని సంచి పట్టుకుని వాసన చూసి పేరు చెప్పాను, ఊరు చెప్పాను, కూతురి పేరు చెప్పాను, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చావు, ఇంటికి పరుగెత్తు అని కూడా చెప్పాను. ఆయన నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. 'అమ్మా, నన్ను నాకు తిరిగిచ్చావు' అన్నాడు." ఆమె టీ తాగబోతే గ్లాసు ఖాళీ. "ఆ తర్వాత... ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

గ్లాసు కింద పెట్టి ఆమే అందుకుంది.

"హాలు పెద్దది చేస్తామన్నారు. పెద్దదైతే నడిబొడ్డు మళ్లీ కళకళలాడుతుందన్నారు. అందుకని వెనక వీధి తీసెయ్యాలన్నారు."

"మా నాన్న కొట్టు ఆ వీధిలోనే," అన్నాడు టీ కొట్టతను.

"మీ నాన్నా వచ్చాడు నా దగ్గరికి. 'కాస్త ఉంచమ్మా, హాలు కట్టడం అవగానే తీసుకుంటాను' అన్నాడు. కాదంటానా? మీ కొట్టు, పొయ్యి ఆర్పకుండానే పై అరలో పెట్టాను. ఫోటో స్టూడియో దాని పక్కన. సినిమా హాలుని మడతపెడితే దిండంత అయింది, లోపల ఆట నడుస్తూనే ఉంది, చెవి ఆనిస్తే జనం ఈలలు వినిపించేవి. చివరికి వీధి మిగిలింది. దాన్ని చాపలా చుట్టి కౌంటర్ కింద పెట్టాను. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ఎవరో అమ్మాయి సైకిలు బెల్లు కొడుతూనే ఉంది."

"మరి ఎవరూ తీసుకోలేదా, పెద్దమ్మా?" అన్నాడు టీ కొట్టతను.

"ఎవరొస్తారు? హాలు పెద్దదైంది. సభలేమో విమానాల స్టేషను పక్కన కట్టిన ఇంకో హాలుకి పోయాయి. ఇక్కడ కుర్చీలు మిగిలాయి."

"కుర్చీలూ పోయాయక్కా," అన్నాడు కుర్చీలాయన. "పొద్దున నేనే లారీ ఎక్కించాను."

"ఆ వీధి నాకిచ్చెయ్యి అత్తా, టాక్సీ పెట్టుకుంటాను," అన్నాడు టాక్సీ అతను. తన మాటకి తనే నవ్వబోయి మానేశాడు. అతని టాక్సీ పొద్దున్నుంచీ పెట్టినచోటే ఉంది.

టీ కొట్టతను ఆమె గ్లాసు నింపాడు. "ఈ సంచి మనిషి ఎలా ఉంటుంది పెద్దమ్మా? కనిపిస్తే మేమూ చెబుతాం."

"బక్కపలచని మనిషి. కళ్లజోడు ఒక పక్క విరిగితే నల్లదారం కట్టుకుంది. మోకాలి నొప్పి, మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటుంది. రోజూ అందరూ వెళ్లాక, దీపాలు తీసేవేళకి వచ్చి సంచి అందుకునేది. మొహం... ఇదిగో, కళ్లముందే ఉంది. ఇప్పుడే వస్తుంది."

చెప్పుకుంటూనే జారిన కళ్లజోడు సర్దుకుంది. చెవి దగ్గర నల్లదారం వదులైతే, అలవాటుగా ముడి బిగించుకుంది.

టాక్సీ అతను గ్లాసు కింద పెట్టి వీధివైపు తిరిగాడు.

అవతల తాళం పడింది. ఆ చప్పుడు ఇక్కడికి వినిపించింది.

"రాలేదు," అంది సంచులమ్మ.

కుర్చీలాయన కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "అక్కా, దీని టోకెనేది?"

"టోకెన్లు పారేశానని చెప్పాగా!"

"నువ్వు పారెయ్యలేదు. ఆ వానరోజు నేలమీద కూర్చుని ఒక్కో టోకెనూ రుమాలుతో తుడిచి, దీపం కింద ఆరబెట్టి, అంకె చదివిగానీ ఒక్క గొడుగు వదల్లేదు. జనం తిట్టారు. మేనేజరు తన సంచి అడిగితే కూడా టోకెనేదన్నావు." గొంతు తగ్గించాడు. "టోకెన్ లేని సంచి ఆ కౌంటర్లో ఒక్క కింది అరలోనే ఉండేది. అది పనివాళ్ల అర. మన సంచులకి టోకెన్ కట్టొద్దన్న పద్ధతి నువ్వే పెట్టావు. ఆఖరి సభ అయ్యాక నా సంచి నేను తీసుకున్నాను. ఇంక అక్కడ ఇదొక్కటే ఉండిపోయింది."

ఆమె సంచి ముడి మీద చెయ్యి పెట్టింది.

"తెరిచి చూడక్కా."

"ఒకరి సంచి తెరవడమా? నా చేతికింద ఎప్పుడైనా జరిగిందా?"

కుర్చీలాయనే ముడి విప్పాడు. లోపల శుభ్రంగా కడిగిన తిండి డబ్బా, మోకాలికి రాసుకునే మందు, నల్లదారం ఉండ.

"తీసుకో అక్కా. నీదే."

సంచులమ్మ ఆ దారం ఉండని చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని జాగ్రత్తగా మళ్లీ సంచిలో పెట్టి, ముడి వేసి, రెండు చేతులా దగ్గరికి లాక్కుంది.

"వద్దు తమ్ముడూ," అంది. "టోకెన్ లేకుండా ఎవరికీ ఇవ్వకూడదు."