రూబీ వాళ్లమ్మ బైబిల్

1986లో ఒక ఆదివారం టెక్సస్‌లో, ఆరాధన ముగించుకుని వస్తున్న కారు వెనక సీట్లో అమ్మమ్మ మనవరాలిని పక్కకి లాక్కుంది.

"ఇలా జరగవే, రూబీ స్థలం ఎలా తిరిగొచ్చిందో చెప్తాను."

"మనకి చర్చి తలుపు తీసే రూబీ ఆంటీయా?"

"ఆవిడే. తెల్లవాళ్ల స్కూలు పక్కన నల్లవాళ్లుండకూడదని సిటీవాళ్లు రూబీ వాళ్ల వీధంతా లాక్కుని పార్కు చేశారు. అప్పటికి రూబీకి ఎనిమిదేళ్లు."

"దట్స్ సో మీన్, అమ్మమ్మా!"

"ఇన్నాళ్లకి తప్పు ఒప్పుకున్నారులే. అక్కడున్నట్టు రుజువు తెస్తే స్థలం ఇస్తామన్నారు. కాగితాలేమో ఎప్పుడో పోయాయి. అప్పుడు నేను రూబీని అడిగాను, మీ అమ్మ బైబిల్ ఏదీ అని."

"నీకు ఇంగ్లీషే రాదు కదా!"

"బైబిల్ అనడానికి ఇంగ్లీషెందుకే? మన ఇంట్లో కాన్పులన్నీ మీ తాతయ్య బైబిల్ మొదటి పేజీలోనే రాసేవారు. వాళ్లకూ అదే అలవాటు. దేవుని గ్రంథాన్ని ఆఫీసులకి తిప్పకూడదని దాచుకుంది, పిచ్చిది!"

"అందులో ఏముంది?"

"వాళ్లమ్మ చేతిరాత. ఏడుగురు పిల్లల పేర్లు, ప్రతి పేరు పక్కనా పుట్టిన ఇంటి నంబరు. ఆఫీసులో అమ్మాయి చదువుతూ కళ్లజోడు తీసి తుడుచుకుంది. స్థలం ఇచ్చేశారు."

"రూబీ ఆంటీ ఇల్లు కడుతుందా?"

"ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటుందట. ఆ పార్కు బెంచీల మీద చాలా ఏళ్లు నల్లవాళ్లని కూర్చోనివ్వలేదు మరి."

"ఇదంతా నాకెందుకు చెప్తున్నావు, అమ్మమ్మా?"

"ఆవిడకి పిల్లల్లేరే. నువ్వు గుర్తుపెట్టుకుని నీ పిల్లలకి చెప్పు. ఇంటి నంబరు నలభై రెండు. మర్చిపోకు."